ఆముదం పట్టించిన డాలు

మా పక్కింటి ముసలాయన డాలు విడిపోయింది నా చేతిపని వల్లే. ఈ మాట ముందే రాసేస్తున్నాను. దాచిపెట్టి చివర్లో చెప్పడం నాకు ఇష్టం లేదు. ఒకసారి నాలుగు రోజులు దాచాను, అది చాలు.

నేను అక్షరాలు దిద్దింది నలభై మూడో ఏట. నా కూతురు బడినుంచి వచ్చాక దాని రెండో తరగతి వాచకం ముందేసుకుని, దానిచేత తిట్టించుకుంటూ నేర్చుకున్నాను. అంతవరకూ నా చేతులకు తెలిసింది తోలు ఒక్కటే. మా తాత, మా నాన్న తోలు పనివాళ్ళు. చెప్పులు కుట్టేవాళ్ళు, ఎద్దులకు మెడపట్టీలు చేసేవాళ్ళు. అన్నిటికన్నా పెద్ద పని మోట తొండం. ఎద్దులు బావిలోంచి నీళ్ళు లాగే రోజుల్లో మోట బొక్కెనకు కింద వేలాడే పొడుగాటి తోలు గొట్టం అది. కరెంటు మోటార్లు వచ్చాక ఆ పని పోయింది. నేను చెప్పుల కంపెనీలో చేరి కూతుర్ని చదివించాను. అది ఇప్పుడు జార్జియాలో, కమ్మింగ్‌లో కంప్యూటర్ ఉద్యోగం చేస్తోంది. నా భార్య చనిపోయిన ఏడాది అది నన్ను ఇక్కడికి తెచ్చుకుంది.

మా వీధి వీధంతా మనవాళ్ళే. ఎయిర్‌పోర్టునుంచి కారులో వస్తుండగానే నా కూతురు చెప్పింది.

"నాన్నా, ఇక్కడ ఎవరడిగినా నువ్వు రైతువి. ప్లీజ్."

"ఎన్ని ఎకరాలు?"

"జోక్ కాదు నాన్నా. ఐదు చాలు."

దానికి కారణం ఉంది. అంతకు ముందు అద్దెకున్న చోట ఒకావిడ దీని చేతి వంట లొట్టలేసుకుని తినేదట. ఒకరోజు ఊరు అడిగింది. ఊళ్ళో ఇల్లు ఎటువైపని అడిగింది. మర్నాడు తన దగ్గరున్న మా డబ్బాలన్నీ కడిగి గుమ్మం ముందు పెట్టి వెళ్ళిపోయింది. మళ్ళీ రాలేదు. ఆ డబ్బాల సంగతి చెబుతున్నంతసేపూ నా కూతురు రోడ్డుమీదనుంచి చూపు తిప్పలేదు. నేను ఒప్పుకున్నాను. ఐదెకరాల రైతునయ్యాను. ఎవరైనా మిరప ధర అడిగితే ఈ ఏడు బాగాలేదనేవాణ్ణి. ఏ ఏడు అడిగినా అదే జవాబు సరిపోయేది.

మా ఇంటి బేస్‌మెంట్‌లో వరంగల్ వైపునుంచి వచ్చిన ఒక అమ్మాయి అద్దెకుండేది. అట్లాంటాలో మాస్టర్స్ చదువుతోంది, స్టూడెంట్ వీసా. బడిలో ఉన్నప్పుడు ఈటె విసిరే ఆటలో జిల్లాకు ఆడిందట. నా కూతుర్ని అక్కా అనేది, నన్ను తాతా అనేది.

పక్కింటి ముసలాయన తెల్లవాడు. సైన్యంలో పనిచేసి దిగిపోయినవాడు. భార్య లేదు, కొడుకు ఎక్కడో దూరాన ఉన్నాడు. ఒకరోజు పొద్దున నడిచి వస్తుంటే ఆయన గ్యారేజీ తలుపు ఎత్తి ఉంది. లోపల స్టూలు మీద కూర్చుని, కోడిగుడ్డు ఆకారంలో ఉన్న పెద్ద బల్లకు అంచు చుట్టూ పచ్చితోలు పట్టీ కుడుతున్నాడు. తోలు నానబెట్టలేదు. ఎండుతోలును సూదితో కుడుతుంటే ప్రతి కుట్టుకూ చెయ్యి గీరుకుంటోంది. నాకు చూస్తూ ఊరుకోవడం చాతకాలేదు. వెళ్ళి చేతిలోంచి లాక్కున్నాను. అప్పుడే కాలేజీకి బయల్దేరుతున్న అమ్మాయి కారు ఆపింది.

"తాతా, ఏం జేస్తున్నవ్? ఆయన వస్తువు గుంజుకుంటున్నవేంది?"

"ఎండుతోలు కుడుతున్నాడమ్మా. ముందు నీళ్ళలో వెయ్యమని చెప్పు. ఆ సూది పారేసి ఆరె తెచ్చుకోమని చెప్పు."

"ఆరె అంటే?"

"చిల్లి పొడిచేది. నువ్వు చెప్పు, ఆయనకు తెలుస్తుంది."

ఆమె చెప్పింది. ఆయన నెత్తురు కారుతున్న వేలు నోట్లో పెట్టుకుని నవ్వాడు. తర్వాత చాలాసేపు మాట్లాడాడు.

"అది డాలంట తాతా. రోమన్ల సైన్యానిది, వాళ్ళ చివరి రోజులదట. వీళ్ళకొక గ్రూప్ ఉన్నది. ఏడాదికొకసారి యుద్ధం వేస్తరు, నిజం యుద్ధం లెక్కనే. సగం మంది రోమన్లు, సగం మంది వాళ్ళ మీదికొచ్చిన ఉత్తరపోళ్ళు."

"ఈ వయసులో యుద్ధమేంటి?"

"గదే అడిగిన. నిజం యుద్ధాలకు పోయినప్పుడు తనకు వయసు లేకుండెనంట, ఏం అర్థం కాలేదంట. ఇప్పుడు అర్థం చేసుకుంటుండంట."

అట్లా మొదలైంది. వారానికి మూడు రోజులు ఆయన గ్యారేజీలోనే పని. నానిన తోలు వాసన మా ఇంట్లోకి రాకూడదని నా కూతురు షరతు పెట్టింది. అడిగినవాళ్ళకు 'నాన్న పక్కింటాయనకి వుడ్‌వర్క్‌లో హెల్ప్ చేస్తున్నారు' అని చెప్పేది.

పని ఇదీ. పలుచటి చెక్క పలకలు పక్కపక్కన జిగురుతో అతికిస్తారు. రెండు వైపులా పచ్చితోలు తడిగా పరిచి అంటిస్తారు. అంచు చుట్టూ తోలు పట్టీ తడిమీదే కుడతారు. ఆరేకొద్దీ తోలు బిగుసుకుని పలకల్ని పిడికిలిలా పట్టేస్తుంది. డాలుకు బలం చెక్కది కాదు, ఆ బిగువుది. ఆయన మొదటిరోజే నాకు చెప్పించాడు. తోలుకు ఏమీ రాయొద్దు. నూనె వద్దు, కొవ్వు వద్దు. ఆరనివ్వు, అంతే.

నేను కుడుతుంటే ఆయన కథ చెప్పేవాడు. అమ్మాయి ఉన్నప్పుడు నాకు తెలుగులో చెప్పేది. అది పదహారు వందల ఏళ్ళ నాటి సంగతి. రోము అప్పటికే ముసలి రాజ్యం. ఉత్తరాన డాన్యూబ్ నది దానికి సరిహద్దు. నదికి అవతల గోత్ జాతివాళ్ళు. వాళ్ళను వెనకనుంచి హూణులు గుర్రాలమీద తరుముతుంటే, పిల్లాజెల్లాతో ఒడ్డుకు చేరి, మమ్మల్ని ఇవతలికి రానివ్వండి, మీ సైన్యంలో పనిచేస్తాం, మీ పొలాలు దున్నుతాం అని వేడుకున్నారు. చక్రవర్తి సరేనన్నాడు. దాటించాక తిండి పెట్టాల్సిన అధికారులు తిండి ఆపేసి కుక్కమాంసం అమ్మారు. ఒక కుక్కకు ఒక బిడ్డ. బిడ్డను బానిసగా తీసుకుని కుక్కను ఇచ్చేవాళ్ళు.

"కుక్క చచ్చిందిచ్చేవాళ్ళా, బతికిందా?" అన్నాను.

"ఛీ తాతా, గిదా అడిగేది?"

"అడుగమ్మా. చచ్చినదాని మాంసం ఎట్టా ఉంటుందో మాకు తెలుసు."

ఆమె అడిగింది. ముసలాయన పుస్తకాల్లో ఆ సంగతి లేదన్నాడు.

ఆ ఆకలినుంచి యుద్ధం పుట్టింది. చక్రవర్తి సైన్యంతో వచ్చాడు. పడమటినుంచి ఇంకో చక్రవర్తి సాయానికి వస్తున్నాడు, రెండు రోజులు ఆగమన్నారు. ఆగితే గెలుపులో వాటా పోతుందని ఆగలేదు. ఆగస్టు ఎండలో, నెత్తిన ఇనుము పెట్టుకుని, తిండీ నీళ్ళూ లేకుండా సైన్యం సగం పూట నడిచింది. గోత్‌లు బళ్ళను గుండ్రంగా నిలబెట్టి లోపల కూర్చున్నారు. మాట్లాడుకుందామని మనుషుల్ని పంపుతూ పొద్దు గడిపారు. చుట్టూ ఎండుగడ్డికి నిప్పు పెట్టారు. రోమన్లు డాళ్ళు ఆనించుకుని ఆ పొగలో నాలుకలు ఎండి నిలబడ్డారు. అప్పుడు మేతకు పోయిన గోత్‌ల గుర్రపు దళం తిరిగొచ్చి పక్కనుంచి పడింది. రోమన్ల వరసలు ఒకదానిమీదికొకటి నెట్టుకుపోయాయి. చెయ్యి ఎత్తడానికి సందు లేదు, కత్తి దూయడానికి సందు లేదు. చచ్చినవాడు కూడా కింద పడకుండా నిలబడే ఉన్నాడట. చక్రవర్తి శవం దొరకలేదు.

"దొరికినా గుర్తుపట్టేవాళ్ళు ఉండరు" అన్నాడు ముసలాయన. తను చూసినవాటి గురించి అన్నాడో, కథ గురించి అన్నాడో తెలియదు.

ఇంకొకటి చెప్పాడు. అంతకు ముందే గోత్‌ల పిల్లల్ని కొందరిని ఊరూరా పంచి ఉంచారు, మాట తప్పకుండా తాకట్టుగా. ఓడిపోయాక అక్కడి సేనాపతికి భయం పుట్టింది. జీతాలూ భూములూ ఇస్తామని చాటింపు వేయించి, ఒకే రోజు అన్ని ఊళ్ళలోనూ వాళ్ళను సంతల్లోకి పిలిపించి, మిద్దెలమీదనుంచి బాణాలు వేయించి చంపించాడు. ఆ ముక్క దగ్గర అమ్మాయి తెలుగులో చెప్పడం ఆపేసింది. "వాళ్ళు ఏం జేసిన్రు? వాళ్ళు ఆ యుద్ధంల లేనే లేరు గదా" అని ఆయన్నే అడిగింది. ఆయన భుజాలు ఎగరేశాడు.

డాళ్ళు చేసినవాళ్ళ సంగతి నేనే అడిగించాను. సర్కారు కార్ఖానాలు ఉండేవట. అందులో పనివాళ్ళ చేతిమీద వాత పెట్టేవాళ్ళు, పారిపోతే పట్టుకోవడానికి. తండ్రి చేసిన పనే కొడుకూ చెయ్యాలి, విడిచిపోవడానికి లేదు. ముసలాయన చొక్కా చేయి మడిచి వాత ఎక్కడ పెట్టేవాళ్ళో చూపించాడు.

"మాకు వాత అక్కర్లేదు. ఊళ్ళో ఇల్లు ఎటువైపని అడిగితే చాలు" అన్నాను.

అమ్మాయి ఆ మాట ఇంగ్లీషులోకి మార్చలేదు. నా చేతుల్లో ఉన్న ఆరె వంక చూసింది, రంపె వంక చూసింది. రంపె అంటే తోలు కోసే వంపు కత్తి.

"తాతా, మీరు రైతులు కారా?"

"ఐదెకరాలు."

ఆమె నవ్వింది. "సరే తీ. నేనెవరికీ చెప్పను." చెప్పలేదు కూడా. తర్వాత ఆ మాట చెప్పుకుంటే తను బయటపడే రోజు వచ్చింది. అప్పుడూ చెప్పలేదు.

గుంపులో గోత్‌లకు ఎప్పుడూ మనుషులు తక్కువ. అందరికీ ఇనుప కడియాల చొక్కా తొడుక్కుని రోమన్ కావాలనే ఉంటుంది. ఈటె పట్టడం వచ్చని తెలిసి ముసలాయన అమ్మాయిని గోత్‌ల వైపు తీసుకున్నాడు. ప్రతి ఆదివారం తన ఇంటి వెనక నేర్పించాడు. కర్ర ఈటె, మొనకు నిమ్మకాయంత రబ్బరు గుండు. డాలుమీదే పొడవాలి, మనిషిమీద పొడవకూడదు. ఆమె ఒక్కసారి కూడా ఆ లెక్క తప్పలేదు. నేను చూశాను.

నేను పదకొండు డాళ్ళు ఆయన చెప్పినట్టే చేశాను. పన్నెండోది ఆయనది. అది బాగా రావాలనుకున్నాను. పలకలు నేనే ఏరాను, కుట్టు దగ్గరగా వేశాను. అప్పుడు మా నాన్న చెయ్యి నా చేతిలోకి వచ్చింది. మా నాన్న మంచి తొండం చేస్తే, అది ఎవరైనా పెద్దరైతు బావికి పోయేదైతే, చివర్న ఆముదం కాచి గోరువెచ్చగా పట్టించేవాడు. మూడు రోజులు నీడలో ఉంచి మళ్ళీ పట్టించేవాడు. అట్టా చేస్తే తోలు పగలదు, ఏళ్ళకేళ్ళు మెత్తగా ఉంటుంది. ఆముదం పట్టని తోలును మా ఇంట్లో పూర్తయిన పనిగా లెక్కవేసేవాళ్ళు కాదు. ఇక్కడి ఇండియన్ స్టోరులో సీసా దొరికింది. ముసలాయన ఊళ్ళో లేని రెండు రోజులు చూసి, తోలు ఇంకా పచ్చిగా ఉండగానే, రెండు వైపులా పట్టించాను. చెబితే వద్దంటాడని చెప్పలేదు. ఇది ఆయనకు నేను చేసే మర్యాద అనుకున్నాను.

తొండం వంగాలి. డాలు వంగకూడదు. అరవై ఏళ్ళు తోలు పట్టినవాణ్ణి, ఈ చిన్న సంగతి నాకు తోచలేదు. ఆముదం తోలును బిగుసుకోనివ్వలేదు. జిగురులోకి దిగి పలకల అతుకు వదిలించింది. పైకి మాత్రం పన్నెండింటిలోకీ అదే నిగనిగలాడింది. ఆయన చూసి నా వీపు తట్టాడు.

యుద్ధం ఆగస్టులో వేశారు. ఉత్తరాన కొండల దగ్గర ఎవరిదో పశువుల పొలం. మా వీధివాళ్ళు కొన్ని కార్లలో పిక్నిక్కుకు వచ్చినట్టు వచ్చారు. మా కాలనీలో అందరికీ పెద్దమనిషిగా తిరిగే ఒకాయన ఉన్నాడు, పిల్లలందరికీ అంకుల్. ఆయన ఫోనులో వీడియో తీస్తూ ముందు కూర్చున్నాడు. నేను, నా కూతురు గుడారం నీడలో ఉన్నాం.

ముసలాయన రోమన్లను గంటసేపు ఎండలో నీళ్ళివ్వకుండా నిలబెట్టాడు. దాహం తెలియకపోతే ఆ రోజు తెలియదన్నాడు. కొత్తగా వచ్చిన ఒకడికి ఇనుప చొక్కా లేకపోతే తనది విప్పి తొడిగాడు. తడిగడ్డి అంటించారు. పొగ కమ్ముకుంది. గోత్‌లు రెండు పక్కలనుంచీ వచ్చి పడ్డారు. రోమన్ల వెనక వరసలు, ఎదర ఏం జరుగుతోందో కనపడక, ముందుకు నెట్టడం మొదలుపెట్టాయి.

ముందు వరసలో ముసలాయన, ఆయనకు ఎదురుగా మా అమ్మాయి. ఆమె పొడవలేదు. మడమ నేలలో తన్నిపెట్టి, ఈటె డాలుకు ఆనించి నిలబడింది. వెనకనుంచి నలుగురైదుగురి బరువు ఆయన వీపుమీద పడింది. డాలు నడిమధ్య చింతకాయ చిట్లినట్టు చిట్లింది. పలకల సందులో ఈటె దూరింది. పలక అంచు తగిలి రబ్బరు గుండు ఊడిపోయింది. ఆయన్ను సొంత సైన్యమే ఆ కర్రమీదికి నెట్టింది. డొక్క కింద దిగింది.

అందరూ నాటకమే అనుకున్నారు. కొందరు చప్పట్లు కొట్టారు. ఆయన కూర్చుండిపోయి గాయం వైపు చూడలేదు, డాలు వైపు చూశాడు.

అంబులెన్సు వచ్చింది. పోలీసు ఆఫీసరు అమ్మాయిని కారు పక్కకు పిలిచి చాలాసేపు అడిగాడు. ఎక్కడికీ వెళ్ళొద్దు, మళ్ళీ పిలుస్తామన్నాడు. ఆ హడావిడిలో నేను వెళ్ళి డాలు ఎత్తాను. బొటనవేలితో నొక్కితే తోలు చెక్కమీదనుంచి ఉడికిన బంగాళాదుంప తొక్కలా జారింది. ముక్కు దగ్గర పెట్టుకోనక్కర్లేకుండానే వాసన తెలిసింది. ఎవరూ చూడకముందే మా కారు డిక్కీలో దుప్పటి కింద పెట్టాను. ఇంటికి వచ్చాక మా గ్యారేజీలో, కార్పెట్ చుట్టల వెనకకు తోశాను.

నాలుగు రోజులు ముసలాయన ఐసీయూలో తెలివి లేకుండా ఉన్నాడు. కొడుకు విమానంలో వచ్చాడు. ఆ పిల్లమీద కేసు పెట్టాల్సిందేనన్నాడని తెలిసింది. కేసు పడి అరెస్టు చేస్తే స్టూడెంట్ వీసా నిలవదని అందరికీ తెలుసు. అంకుల్ తీసిన వీడియో అందరి ఫోన్లలోకి పోయింది. అందులో పొగా, ఈటె పట్టుకున్న పిల్లా, పడిన ముసలాయనా తప్ప ఇంకేమీ కనపడదు.

అంకుల్ మా ఇంటికి వచ్చి సోఫాలో కూర్చున్నాడు.

"బేస్‌మెంట్ ఖాళీ చేయించు అమ్మా. రేపు ఎంక్వయిరీ అంటే మీ అడ్రస్ వస్తుంది. ఇక్కడ మన పిల్లలు స్కూల్స్‌కి వెళ్ళాలి. ఆ అమ్మాయికి వీసా ఎలాగూ పోతుంది, మనం ఎందుకు మధ్యలో?"

"ఆ పిల్ల ఎక్కడికి వెళ్తుంది అంకుల్?"

"ఇండియాకి."

నా కూతురు కాఫీ తేవడానికి లోపలికి వెళ్ళి చాలాసేపు రాలేదు. ఆయన నా వైపు తిరిగి, "మీరేమంటారండీ పెద్దాయనా? పొలం పనుల్లో ఇలాంటివి ఎన్నో చూసుంటారు" అన్నాడు.

మూడో రోజు అమ్మాయి బేస్‌మెంట్ మెట్లమీద కూర్చుని నన్ను పిలిచింది. రెండు రోజులుగా తిన్నట్టు లేదు. ఇంట్లో అమ్మకు కూడా చెప్పలేదంది.

"తాతా, నేను గట్టిగ పొడిచిన్నా? నాకు గుర్తొస్తలేదు. పొడవలేదనే అనుకుంటున్న. నువ్వు చూసినవ్ గదా?"

"పొగలో కనపడలేదమ్మా" అన్నాను.

ఆ డాలు మేం కూర్చున్న చోటికి గోడ అవతలే ఉంది. నేను రాసినవాటిలో ఇది రాయడమే అన్నిటికన్నా కష్టంగా ఉంది. డాలు సంగతి బయటపెడితే ఆముదం సంగతి చెప్పాలి. ఆముదం సంగతి చెబితే ఆ చెయ్యి ఎవరిదో చెప్పాలి. నా కూతురి గుమ్మం ముందు మళ్ళీ డబ్బాలు కడిగి పెడతారు. దానికోసమే నోరు మూసుకున్నానని నాకు నేను చెప్పుకున్నాను. అది సగం నిజం. మిగతా సగం, మనిషి ప్రాణం మీదికి తెచ్చిన పనివాణ్ణని చెప్పుకోవడానికి భయం.

ఐదో రోజు పొద్దున పోలీసు ఆఫీసరు, ముసలాయన కొడుకు పక్కింటి గ్యారేజీకి వచ్చారు. ఆయుధాలు చూడాలని, అమ్మాయిని, నా కూతుర్ని పిలిచారు. మాట సాయానికని అంకుల్ కూడా వచ్చాడు. కిటికీలోంచి చూశాను. అమ్మాయి రెండు చేతుల్తో పాస్‌పోర్టు పట్టుకుని నిలబడి ఉంది. ఎవరో చాటింపు వేసి పిలిస్తే వచ్చిన పిల్లలా ఉంది. దుప్పటితో సహా డాలు తీసుకుని వెళ్ళాను.

"అమ్మా, నేను చెప్పేది చెప్పినట్టు వీళ్ళకు ఇంగ్లీషులో చెప్పు" అన్నాను నా కూతురితో.

"నాన్నా, లోపలికెళ్ళు. నేను చూసుకుంటాను."

"ఆ పిల్ల తప్పు లేదు. డాలుదే తప్పు. డాలు చేసింది నేను."

అంకుల్ అందుకున్నాడు. "పెద్దాయన షాక్‌లో ఉన్నారమ్మా. మీరు రైతు కదండీ, ఈ తోలు గొడవ మీకెందుకు?"

"నేను రైతుని కాదు. సెంటు భూమి లేదు. మేం తోలు పనివాళ్ళం. మా నాన్న అదే, మా తాత అదే. మోట తొండానికి పట్టించినట్టు దీనికి ఆముదం పట్టించాను. అందుకే విడిపోయింది. చెప్పమ్మా."

నా కూతురు నా వైపు చూసింది. పోలీసాయన ఎదురుచూస్తున్నాడు. అది నోరు విప్పి రెండు ముక్కలు చెప్పి ఆగింది. నాకు ఇంగ్లీషు రాకపోయినా పొడుగు తెలుస్తుంది. తండ్రీ తాతా రాలేదని తెలిసింది. దాని వంకే చూస్తూ నిలబడ్డాను. అది ఒకసారి ఊపిరి పీల్చుకుని మళ్ళీ మొదలుపెట్టి, ఈసారి పూర్తిగా చెప్పింది. పూర్తిగా చెప్పిందని నాకెట్టా తెలుసంటే, అంకుల్ తన బూట్ల వంక చూసుకుంటూ ఉండిపోయాడు.

తర్వాత పని సులువే. గోడకు ఉన్న డాలు ఒకటి దించి వేలి కణుపుతో కొట్టాను, డప్పులా మోగింది. విడిపోయినదాన్ని కొట్టాను, గోనెసంచిలా పలికింది. రంపె మొనతో తోలు లేపితే మొత్తం ఊడి వచ్చింది. పలకల్లో చిల్లి ఎక్కడా లేదు, ఈటె అతుకులోంచి పోయింది. ఆఫీసరు అన్నీ ఫొటోలు తీసుకున్నాడు. చిన్న ప్లాస్టిక్ సంచిలో తోలు ముక్క వేసుకున్నాడు.

ముసలాయన కొడుకు ఒక్కటే అడిగాడు. నా కూతురు చెప్పింది. "నూనె రాసినట్టు వాళ్ళ నాన్నకి తెలుసా అని అడుగుతున్నారు."

"తెలియదు. రాయొద్దనే చెప్పాడు. నేనే వినలేదు."

అతను బయటికి వెళ్ళి కారు తలుపుమీద చేతులు ఆనించి నిలబడ్డాడు. మళ్ళీ నా మొహం చూడలేదు.

నన్ను కాగితం రాయమన్నారు. తెలుగులో రెండు పేజీలు నా చేత్తోనే రాశాను, నా కూతురు ఇంగ్లీషులో రాసి కింద పెట్టింది. ముసలాయన మర్నాడు పోయాడు. తెలివి రాలేదు. వారం తర్వాత ఆఫీసరు ఫోన్ చేసి, ప్రమాదంగా రాసుకున్నామని, అమ్మాయిమీద ఏమీ లేదని చెప్పాడు. నామీదా ఏమీ పెట్టలేదు. పెట్టి ఉంటే బాగుండేదని కొన్ని రోజులు అనిపించింది.

మా వీధిలో ఎవరూ డబ్బాలు కడిగి పెట్టలేదు. ఫోన్లు తగ్గాయి, అంతే. ఒక గృహప్రవేశానికి మమ్మల్ని పిలవడం మర్చిపోయారు. నా కూతురు ఆ శనివారం ఇల్లంతా కడిగింది. నాతో కోపంగా మాట్లాడలేదు, మామూలుగానూ మాట్లాడలేదు. అన్నం పెట్టి, "ఇంకొంచెం వేయనా" అని అడిగేది.

అమ్మాయి నెలాఖరుకు ఖాళీ చేసింది. యూనివర్సిటీ దగ్గర నలుగురు ఆడపిల్లలు కలిసి ఉండే ఇంట్లో చోటు దొరికిందట. మేం పొమ్మనలేదు. నా కూతురు ఉండమనే అడిగింది. పెట్టెలు కారులో పెడుతుంటే నేను ఒకటి ఎత్తబోయాను.

"ఉండనీ తాతా. నేను మోస్త."

పెట్టె నా చేతిలోంచి తీసుకుని లోపల సర్దింది. వెనక్కి తిరిగి అడిగింది. గొంతు పెంచలేదు.

"నీకు మొదటి రోజే తెలుసు గదా?"

"తెలుసు."

"నాలుగు రోజులు ఎందుకు ఆగినవ్?"

"నా బిడ్డ కోసం ఆగానమ్మా."

"మరి నేను ఎవరి బిడ్డను తాతా?"

ఆమె నిజంగానే ఏదైనా చెబుతానేమోనని ఆగింది. తర్వాత డిక్కీ మూసి, కారెక్కి, అద్దం సరిచేసుకుని వెళ్ళిపోయింది. చదువు అయిపోయి జెర్సీ సిటీలో ఉద్యోగం వచ్చిందని, అపార్ట్‌మెంటు పదిహేడో అంతస్తులో ఉంటోందని నా కూతురు చెప్పింది. వాళ్ళిద్దరూ మాట్లాడుకుంటారు. ఫోన్ స్పీకర్లో ఉన్నప్పుడు ఆ గొంతు వినపడుతుంది. నేనున్నానని తెలిస్తే అక్కా, మళ్ళీ చేస్త అని పెట్టేస్తుంది.